పిల్లలు చూడని రాజీ



ఇంట్లో గొడవ జరిగిన మర్నాడు పెద్దవాళ్ళను కదిపితే కారణాలు చెబుతారు. ఆయన ఎవరికి చేబదులు ఇచ్చాడో, ఆవిడ పుట్టింటివాళ్ళు పెళ్ళినాడు ఏమన్నారో, ఆడపడుచు పండక్కొచ్చి ఏ పుల్ల పెట్టి పోయిందో, అన్నీ వరసగా బయటికొస్తాయి. అదే ఇంట్లో ఉన్న నాలుగేళ్ళ పిల్లను అడిగి చూడండి. కారణం ఒక్కటీ చెప్పదు. చప్పుళ్ళు చెబుతుంది. నాన్న బండి స్టాండు ఎట్లా వేశాడో, అమ్మ గిన్నె ఎట్లా దించిందో, తలుపు ఎంత గట్టిగా పడిందో చెబుతుంది. పెద్దవాళ్ళకు గొడవంటే మాటలు. పసివాళ్ళకు గొడవంటే చప్పుళ్ళు, మొహాలు, ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడని ఆ పొద్దంతా.

నేను నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య పల్లెల్లో ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. ఆ పిల్లల తరఫున ఇవాళ మీతో ఒక్క మాట చెప్పాలని వచ్చాను. సంసారం అన్నాక మాటామాటా రాకుండా ఉండదు. అసలు రాకూడదని నేను చెప్పను. కానీ మన ఇళ్ళల్లో తగువు పట్టపగలు పిల్లల కళ్ళముందు జరుగుతుంది. రాజీ మాత్రం వాళ్ళు నిద్రపోయాక, తలుపేసుకున్నాక జరుగుతుంది. పిల్లలకు కథలో సగమే కనిపిస్తుంది. ఆ సగంతోనే పెరుగుతారు.

నాకు ఈ సంగతి ఒక ఆటలో తెలిసింది. బడి వెనక వేపచెట్టు కింద పిల్లలు బువ్వలాట ఆడుకునేవాళ్ళు. కొబ్బరిచిప్పలో ఇసక అన్నం, వేపాకు కూర, ఇటుకముక్క నూరితే కారం. ఒకరోజు నాన్న వేషం వేసిన పిల్లవాడు ఒక పుల్లను భుజాన పెట్టుకుని పొలం నుంచి వచ్చినట్టు వచ్చాడు. అమ్మ వేషం వేసిన పిల్ల చిప్ప వాడి ముందుకు తోసి, "తిను. నీకేం, తిని ఊరి మీద పడు" అంది. వాడు చిప్పను కాలితో తన్నాడు. ఇసక చెల్లాచెదరైంది. ఆ పిల్లకు కొంగు లేదు, వేసుకున్నది గౌను. అయినా లేని కొంగును నోట్లో కుక్కుకుని, గోడవైపు తిరిగి పడుకుని, "మా అమ్మగారింటికి పోతా" అంది. ఆ విరుపు, ఆ చెయ్యి తిప్పడం, ముక్కు చీదడం, ఎక్కడా పొల్లు పోలేదు. నేను కిటికీలోంచి చూస్తున్నాను, ఇక ఏం చేస్తారా అని. ఏమీ చేయలేదు. వాడు కాసేపు నిలబడి, "ఇప్పుడేం ఆడాలే?" అని అడిగాడు. ఆ పిల్లకూ తెలియలేదు. కాస్త ఆలోచించి, "తెల్లారిపోయింది. మళ్ళీ మొదట్నుంచి ఆడదాం" అంది. మళ్ళీ ఇసక అన్నం వండారు.

తిట్టుకోవడం ఆ పిల్లలకు ఆఖరి విరుపు దాకా వచ్చు. ఆ తర్వాత ఏమవుతుందో మాత్రం రాదు. చూడలేదు కాబట్టి రాదు. వాళ్ళమ్మ నవ్వడం, వాళ్ళ నాన్న "సరేలే, పొరపాటైంది" అనడం, ఇద్దరూ కలిసి లెక్కలు సరిచూసుకోవడం ఆ ఇంట్లో జరిగే ఉంటాయి. లేకపోతే ఆ సంసారం ఎట్లా నిలుస్తుంది? కానీ అవి పిల్ల నిద్రపోయాక జరిగాయి. పిల్ల లెక్కలో రాత్రి గొడవ, పొద్దున కాఫీ. మధ్యలో ఏమీ లేదు.

నేను పాఠాలు చెప్పిన ఈ మెట్ట ప్రాంతం గురించి తెలియని శ్రోతలకు కాస్త చెప్పాలి. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే జాతీయ రహదారి మీద కంచికచర్ల, నందిగామ దాటాక చిల్లకల్లు, అక్కణ్ణుంచి కాస్త లోపలికి జగ్గయ్యపేట. నిన్నమొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లా. కృష్ణా జిల్లా అనగానే అందరికీ డెల్టా కాలవలు, వరిచేలు గుర్తుకొస్తాయి. ఇక్కడ అట్లా ఉండదు. నల్లరేగడిలో పత్తి, మిరప. నీళ్ళంటే వాన, బోరు, నాగార్జునసాగర్ ఎడమ కాలవ చివర్న వచ్చినన్ని. పక్కన మునేరు, పాలేరు. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు, షిఫ్టు డ్యూటీలు. రోడ్డు పొడవునా లారీలు. డ్రైవరు తండ్రి ఏ రాత్రి వస్తాడో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇక్కడి ఇళ్ళల్లో గొడవలకూ కార్తెలుంటాయి. పత్తి గానీ మిరప గానీ, డబ్బు చేతికి వచ్చేది ఏడాదికి ఒక్కసారి. పోయేది ఏడాది పొడవునా. తొలకరి పడ్డాక విత్తనాలకూ ఎరువులకూ, కౌలు రైతైతే కౌలుకూ డబ్బు కావాలి. అప్పుడొక గొడవ. పురుగుమందుల కొట్లో బాకీ పెరిగినప్పుడు ఒక గొడవ. మిరప కల్లంలో ఎండి, రేటు పడిపోయిందని తెలిసిన రోజున పెద్ద గొడవ. పెద్దవాళ్ళకు ఇది అప్పు, వడ్డీ, మార్కెట్టు. నాలుగేళ్ళ పిల్లకు అప్పంటే ఏం తెలుస్తుంది? ఒక పిల్ల నాతో చెప్పిన మాట ఇది: "మా అమ్మ మెళ్ళో గొలుసు లేదు టీచర్." గొలుసు తాకట్టులోకి పోయి పసుపుతాడు మిగిలింది. అది నాకు అర్థమైంది. కానీ ఆ పిల్ల బాధ వేరు. రోజూ రాత్రి అమ్మ పక్కన పడుకుని ఆ గొలుసు వేళ్ళకు చుట్టుకుని నిద్రపోవడం దానికి అలవాటు. గొలుసు పోయినప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. రాత్రుళ్ళు మేలుకుని ఉంటుంది కాబట్టి, అంతకుముందు వినని గొడవలన్నీ ఇప్పుడు వింటోంది.

2014లో రాష్ట్రం విడిపోయి, కృష్ణకు అవతల గట్టున రాజధాని అనగానే ఇవతల మెట్టలోనూ భూముల రేట్లు లేచాయి. అంతకుముందు "నీకుంటే ఏంది, నాకుంటే ఏంది" అనుకున్న అన్నదమ్ములు సెంటు సెంటుకూ కొలతలు వేయించుకున్నారు. ఉమ్మడి వాకిట్లో గోడ లేచింది. అమ్మ ఎవరి దగ్గర ఉండాలి, ఎన్ని నెలలు ఉండాలి అని పెద్దమనుషుల ముందు రాయించుకున్నారు. ఇదంతా పిల్లవాడికి ఒక్క ముక్కలో అందుతుంది: "ఇవాళ్టినుంచి పిన్ని వాళ్ళింటికి పోమాక." ఎందుకని అడిగితే దెబ్బ. పిన్ని కొడుకు, వీడు ఒకే తరగతిలో ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఒకరి పలక ఒకరు తుడుచుకుంటారు. ఇంటి వీధి మలుపు రాగానే విడివిడిగా నడుస్తారు. ఆరేళ్ళ పిల్లల చేత పెద్దవాళ్ళు ఆడించే నాటకం ఇది. నాకు దీన్ని చూస్తే కోపం వచ్చేది, ఇప్పటికీ వస్తుంది.

పంపకాల తగవు ఇవాళ్టిది కాదు. జగ్గయ్యపేట కట్టించింది వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. బేతవోలు ఉన్నచోట పేట కట్టించి తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. అమరావతి జమీందారుగా ఆంధ్రదేశమంతా పేరు మోగిన మనిషి. ఆయనకు కడుపున పిల్లలు లేరు. జగన్నాథబాబు, రామనాథబాబు అని ఇద్దరిని దత్తత తీసుకున్నాడు. 1816లో ఆయన పోయాక జమీ ఎవరిదన్న తగువు మొదలై, ఈ దేశపు కోర్టులు దాటి లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1846లో తీర్పు వచ్చింది. ఒక దత్తపుత్రుడు బతికి ఉండగా రెండో దత్తత చెల్లదని. హిందూ దత్తత చట్టం చదివినవాళ్ళు ఈ కేసు చదవకుండా ఉండరు. తండ్రి మీద ప్రేమతో ఊరికి పేరు పెట్టిన ఇంటి తగవు ముప్పై ఏళ్ళకు తెగింది. దత్తత వచ్చినవాళ్ళు ఒక ఇంటినుంచి తెచ్చి ఇంకో ఇంట్లో పెట్టిన పిల్లలు. నీదా నాదా అని వాళ్ళ చుట్టూ పెద్దవాళ్ళు మాట్లాడుకున్న మాటలు వాళ్ళ చెవిన పడకుండా ఉంటాయా? ఏ తీర్పులోనూ ఆ సంగతి రాయరు. ఆస్తి తగవులో పిల్లవాడు హక్కుదారుగా కనిపిస్తాడు గానీ పిల్లవాడిగా కనిపించడు.

మన ప్రాంతపు ఇంటింటి దేవత కథ కూడా ఇంటి గొడవ కథే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి. అనిగండ్లపాడులో పుట్టి, పెనుగంచిప్రోలు కాకాని వారింటికి గోపయ్య భార్యగా వచ్చిన కోడలు. అత్త, ఆడపడుచు పెట్టిన ఆరళ్ళు, పశువులు మేపబోయిన భర్తను పులి పొట్టన పెట్టుకోవడం, ఆమె అగ్నిలో కలిసిపోవడం మెట్టలో పుట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో మునేరు ఒడ్డున తిరునాళ్ళ జరిగితే ఆంధ్ర, తెలంగాణ రెండు వైపులనుంచీ జనం వస్తారు. అమ్మవారి విగ్రహాలకు రంగులు వేయాలంటే జగ్గయ్యపేటకే ఊరేగింపుగా తీసుకొస్తారు. చంకలో పిల్లలతో పొంగలి కుండలు మోసుకుని పోయే తల్లులను ఎంతమందిని చూశానో. ఒక పిల్ల అమ్మవారి కథ విని వాళ్ళ నాయనమ్మను అడిగిందట: "అమ్మవారిని వాళ్ళత్త తిడుతుంటే ఎవరూ వద్దనలేదా?" ఆ నాయనమ్మే బడికి వచ్చి నాతో చెప్పింది. "నాకు సమాధానం తోచలేదమ్మా, అప్పుడు నా పక్కన మా కోడలు కూడా ఉంది" అంది. అదే పిల్ల అడిగే తీరు. గొడవలో తప్పెవరిదని అడగదు. ఎవరూ ఎందుకు ఆపలేదని అడుగుతుంది.

ఇంట్లో గొడవ వచ్చినప్పుడు మనం పిల్లల చేత చేయించే పనులు కొన్ని ఉన్నాయి. మనకు అవి పనుల్లా కనిపించవు. వాటిలో మొదటిది కబుర్లు మోయించడం. ఇద్దరికీ మాటల్లేవు. ఇల్లు రెండు గదులు. "మీ నాన్నను అన్నానికి రమ్మను." పిల్ల వెళుతుంది. "నాకొద్దని చెప్పు." పిల్ల వస్తుంది. "వద్దంటే మానేయమను, నాకేం పోయింది, అని చెప్పు." పిల్ల గుమ్మంలో ఆగిపోతుంది. ఈ మాట ఇట్లాగే చెబితే లోపల ఏమవుతుందో దానికి తెలుసు. గుమ్మంలో నిలబడి ఆలోచించుకుని, లోపలికి వెళ్ళి, "నాన్నా, అమ్మ పెరుగు కూడా తోడేసింది, రమ్మంటోంది" అంటుంది. అమ్మ ఆ మాట అనలేదు. పిల్ల కల్పించింది. అయిదేళ్ళకే ఎవరి కోపం ఎంతుందో తూచి, ఎవరికి ఏ మాట చెబితే అణుగుతుందో చూసి మాట్లాడుతుంది. ఊళ్ళో ఇట్లాంటి పిల్లను చూసి "ఎంత తెలివో, పెద్దదానిలా మాట్లాడుతుంది" అని మురిసిపోతారు. నేను మాత్రం అట్లాంటి పిల్ల తరగతిలో ఉంటే ఒక కన్ను వేసి ఉంచేదాన్ని. అయిదేళ్ళ పిల్ల అయిదేళ్ళ పిల్లలా మాట్లాడాలి.

రెండోది సాక్ష్యం చెప్పించడం. "చెప్పవే, మీ నాయనమ్మ నన్ను ఆ మాట అందా లేదా?" అటునుంచి నాయనమ్మ, "చెప్పమ్మా, నీ మీద ఒట్టు, నేనన్నానా?" ఇద్దరూ అన్నం పెట్టేవాళ్ళే. ఇద్దరి పక్కలోనూ పడుకుంటుంది. ఏం చెప్పినా ఒకరికి దూరమవుతుంది. ఇక మూడోది మనం సరదాగా అడిగే ప్రశ్న: "నువ్వు అమ్మ కూతురివా, నాన్న కూతురివా?" మామూలు రోజుల్లో ఇది ముద్దు మాట. గొడవలున్న ఇంట్లో ఇది పరీక్ష. ఆ ఇంటి పిల్లను గమనించండి. వెంటనే సమాధానం చెప్పదు. ముందు ఎవరెవరు వింటున్నారో చుట్టూ చూసుకుంటుంది.

ఇంకొకటుంది, దీన్ని చాలా ఇళ్ళల్లో చూశాను. గొడవ మొదలవగానే వీధిలో వాళ్ళకు వినబడకూడదని టీవీ సౌండు పెంచుతారు. పిల్లలు చూసే బొమ్మల ఛానలే పెడతారు, వాళ్ళ ధ్యాస అటు మళ్ళుతుందని. నా తరగతిలో ఒక పిల్లవాడికి ఒక కార్టూన్ పాట వినబడితే చేతులు చల్లబడేవి. మిగతా పిల్లలు ఎగిరి గంతేసే పాట అది. వీడు చెవులు మూసుకునేవాడు. పరువు వీధిలో పోకుండా కాపాడుకున్నాం. పిల్లవాడి పాట పోయింది.

అన్నిటికంటే నన్ను కలచివేసినది ఇంకొకటి. ఒక అబ్బాయి మధ్యాహ్న భోజనం దగ్గర మంచినీళ్ళు తాగడం మానేశాడు. గ్లాసు ఇస్తే పక్కకు జరిపేవాడు. ఎండాకాలం, పెదాలు పగిలిపోతున్నాయి. బుజ్జగించి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగితే చెప్పాడు. వాళ్ళమ్మ గొడవపడి పుట్టింటికి వెళ్ళింది. వెళ్ళిన రోజు రాత్రి వీడు పక్క తడిపాడు. పొద్దున లేచేసరికి అమ్మ లేదు. పక్క తడిపినందుకే అమ్మ వెళ్ళిపోయిందని వీడి లెక్క. నీళ్ళు తాగకపోతే పక్క తడవదు, పక్క తడవకపోతే అమ్మ వస్తుంది. ఆ తండ్రికి గానీ, ఆ తల్లికి గానీ ఈ సంగతి తెలియదు. వాళ్ళు వడ్డీ డబ్బు గురించి పోట్లాడుకున్నారు.

పసివయసులో పిల్లలు లోకాన్ని తమ చుట్టూనే తిప్పుకుని చూస్తారని స్విట్జర్లాండుకు చెందిన ఝాన్ పియాజే అనే శాస్త్రవేత్త పిల్లలతో మాట్లాడి, వాళ్ళను గమనించి చెప్పాడు. వాన నాకోసమే పడింది, చందమామ నా వెంటే వస్తున్నాడు అనుకునే వయసు అది. చందమామ తన వెంట వస్తున్నాడని నమ్మే పిల్లవాడు, అమ్మ తనవల్లే వెళ్ళిపోయిందని నమ్మడంలో వింత లేదు. అందుకే ఇంట్లో గొడవ జరిగితే పిల్లలకు మొట్టమొదట చెప్పవలసిన మాట, "ఇది నీవల్ల కాదు నాన్నా" అని. మనం ఆ మాట తప్ప అన్నీ చెబుతాం. కొన్ని ఇళ్ళల్లో దానికి సరిగ్గా ఎదురు మాట చెబుతారు: "నీ మొహం చూసే ఈ ఇంట్లో పడున్నా." తల్లి ఆ మాట ప్రేమతోనే అంటుంది. పిల్లకు మాత్రం అమ్మ ఏడుపుకు తన మొహమే కారణమని వినబడుతుంది.

"పసిపిల్లలు, వాళ్ళకేం తెలుస్తుంది" అని మనలో చాలామంది ధైర్యం. నిద్రలో ఉన్నవాడికి అసలేం తెలుస్తుందని ఇంకా ధైర్యం. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరు నెలల నుంచి ఏడాది వయసు పసిపిల్లలు నిద్రపోతుండగా వాళ్ళ మెదడు ఎట్లా పనిచేస్తుందో యంత్రంతో చూశారు. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నిద్రలో ఉన్న పసిబిడ్డకు మామూలు గొంతు, సంతోషంగా ఉన్న గొంతు, కోపంగా ఉన్న గొంతు వినిపించారు. తల్లిదండ్రులు ఎక్కువగా పోట్లాడుకునే ఇళ్ళ పిల్లల మెదడు కోపపు గొంతుకు, నిద్రలోనే, మిగతా పిల్లలకంటే ఎక్కువగా కదిలింది. ఉయ్యాల్లో పడుకున్నాడు కదా అని మనం విసురుకునే మాటలు ఉయ్యాల దాకా పోతూనే ఉన్నాయి.

అదే దేశంలో మార్క్ కమింగ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలపాటు ఈ ఒక్క విషయం మీదే పనిచేశాడు. పెద్దవాళ్ళు పోట్లాడుకోవడం పిల్లలకు చూపించి, వాళ్ళు ఏమవుతున్నారో గమనించాడు. కొందరికి గొడవ మధ్యలో ఆగిపోవడం చూపించాడు. కొందరికి గొడవపడినవాళ్ళు మాట్లాడుకుని సర్దుకోవడం కూడా చూపించాడు. రాజీ చూసిన పిల్లల బెదురు బాగా తగ్గిపోయింది. కళ్ళారా చూడకపోయినా, "వాళ్ళిద్దరూ తర్వాత సర్దుకున్నారు" అని చెబితే కూడా పిల్లలు కుదుటపడ్డారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు వేపచెట్టు కింది ఇసక అన్నం గుర్తొచ్చింది. ఆ పిల్లలకు కావలసింది గొడవలు లేని ఇల్లు కాదు. గొడవ తీరడం కనబడే ఇల్లు.

మరి మనమేం చేయాలి? ఇందులో ఖర్చు లేదు, చదువు అక్కర్లేదు. రాత్రి మాటామాటా అనుకున్నారు. పొద్దున పిల్లలు లేచాక, వాళ్ళు వింటుండగా, "నిన్న నేనట్లా అనకుండా ఉండాల్సింది" అని ఒకరు అనాలి. మన మగవాళ్ళకు ఈ మాట పిల్లల ముందు అనడం చిన్నతనంగా ఉంటుంది. "పిల్లల ముందు నన్ను తక్కువ చేశావు" అని తగువుకు ఇంకో కారణం వెతుక్కుంటారు. నేను చెప్పేది నమ్మండి. పిల్లల ముందు తండ్రి తగ్గితే పిల్లల కంట్లో తండ్రి పెరుగుతాడు. అత్తాకోడళ్ళకూ ఇదే మాట. కలిసిపోవడానికి మీరు ఎక్కువ మాటలు మాట్లాడుకోనక్కర్లేదు. అత్త "ఆ కూర కాస్త ఇటు పెట్టమ్మా" అంటే, కోడలు "ఇదిగోండి అత్తయ్యా" అంటే చాలు. పిల్లకు అర్థమైపోతుంది. అది తన కంచంలో చెయ్యి పెట్టి తినడం మొదలుపెడుతుంది.

ఇక కబుర్లు మోయించవద్దు. మీకు మాటల్లేకపోతే లేకపోయాయి, అన్నం పెట్టి గిన్నె మీద మూత పెట్టండి, ఆయనే వచ్చి తింటాడు. సాక్ష్యం అడగవద్దు. పెద్దమనుషుల పంచాయితీ పెట్టుకుంటే పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టుకోవద్దు. ఒళ్ళో పిల్లను పెట్టుకుని పెళ్ళినాటినుంచి జరిగినవన్నీ ఏకరువు పెట్టే తల్లులను చూశాను, ఆ పిల్ల ఒక్కొక్కరి మొహం చూస్తూ పోతుంది. ఈ చోట ఇరుగుపొరుగు చేయగలిగింది చాలా ఉంది. గొడవ మొదలవగానే గోడ మీంచి తల పెట్టి వినేవాళ్ళు ఒకరైతే, "ఇట్రావే, మా ఇంట్లో జంతికలు చేశాం" అని పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకుపోయే ఆవిడ ఇంకొకరు. ప్రతి వీధిలోనూ అట్లాంటి ఒక ఆవిడ ఉంటుంది. ఆమెకు నేను చేతులెత్తి మొక్కుతాను. అంగన్‌వాడీ టీచర్లకూ, ఆయమ్మలకూ నాదొక విన్నపం. 1975లో ఈ కేంద్రాలు పెట్టింది తిండి కోసం, బరువు తూచడం కోసం మాత్రమే కాదు. ఇంట్లో అన్నం ముట్టకుండా వచ్చిన పిల్లను ముందుగా చూసేది మీరే. "రాత్రి నిద్రపోయావా అమ్మా?" అని ఒక్క మాట అడగండి. మిగతాది అదే చెబుతుంది.

ఇక్కడ ఒకటి విడదీసి చెప్పాలి. ఇప్పటిదాకా నేను మాట్లాడింది మాటల గొడవల గురించి. చెయ్యి చేసుకునే ఇల్లు వేరు. తాగి వచ్చి కొట్టే చోట, కొట్టిన మర్నాడు పూలు తెచ్చి పిల్లల ముందు నవ్వితే అది రాజీ కాదు. కొట్టినా ఫరవాలేదని పిల్లలకు నేర్పడం అది. అక్కడ సర్దుకుపొమ్మని ఏ ఆడపిల్లకూ నేను చెప్పను, మీరూ చెప్పకండి. 2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టం ఉంది. 181కి ఫోన్ చేస్తే మహిళలకు సాయం అందుతుంది. పిల్లలకు ఆపద అయితే 1098, పగలైనా రాత్రయినా, పైసా ఖర్చు లేదు, పిల్లలే చేయవచ్చు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. ఒకవేళ విడిపోవడం దాకా వస్తే, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది తల్లి గెలుపూ కాదు, తండ్రి గెలుపూ కాదు. బిడ్డ మేలే అన్నిటికంటే ముఖ్యమని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోనే రాసి ఉంది. ఆ సెక్షను పెద్దమనుషులు కూడా ఒకసారి చదివించుకుని వింటే బాగుండు.

ఇవాళ ఈ ప్రసంగం వింటున్న ఇళ్ళల్లో కొన్నిట్లో మాటల్లేకుండా ఉన్నవాళ్ళు ఉంటారు. మిరప రేటు ఎప్పుడు పెరుగుతుందో, పంపకాలు ఎప్పుడు తెగుతాయో మన చేతుల్లో లేదు. ఒకరినొకరు పలకరించుకోవడం మన చేతుల్లోదే. మీ ఇంట్లో పిల్లలున్నారా? అయితే వాళ్ళు మేలుకుని ఉండగానే పలకరించుకోండి. వాళ్ళు వినేటట్టు పలకరించుకోండి.